చేటలో రాలిన మన్ను

జహూర్ దుకాణంలో పొద్దున్నే రెండు పనులు: కంప్యూటర్లు తెరవడం, నిన్నటి మాటలతో రాలిన ఇసుకను ఊడ్చడం.

కంఠేశ్వర్‌లో అతడు నెట్ దుకాణం పెట్టింది 2006లో. ఎవరైనా ఉచితంగా తీసుకొని మార్చుకోగల టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని నెలల తరబడి సరిదిద్ది, ఇంటర్నెట్ మీదుగా గల్ఫ్‌తో మాట్లాడే ఏర్పాటు చేశాడు. గొంతు స్పష్టంగానే వచ్చేది. దానితోపాటు, అవతల మాట్లాడేవారి కాళ్ళకంటిన మన్ను కూడా హెడ్‌ఫోన్‌లోంచి రాలేది. ఇది లోపమని జహూర్ ఆ సాఫ్ట్‌వేర్ బృందానికి రాస్తే, తమ దగ్గర కాఫీతోటల ఎర్రమన్ను రాలుతోందని, ఊడ్చుకుంటున్నామని బ్రెజిల్ నుంచి ఒకాయన బదులిచ్చాడు.

ఇబ్బంది బీడీలు చుట్టే ఆడవాళ్ళకే. ఒళ్ళో చేట పెట్టుకొని, చేయి ఆపకుండా మాట్లాడేవారు.

"తంబాకుల ఇసుక వడ్తుంది జహూరూ. కార్ఖానల సగం బీడీలు తీసి పారేస్తున్నరు," అంది ముత్తవ్వ.

"రేపటికి బందైతది అవ్వా. రాసుడైంది, ఎక్కించుడే ఉన్నది."

"గిదే మాట బక్రీదు నుంచి చెప్తున్నవ్!"

పక్క కుర్చీలో రుక్మాబాయి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. భర్త తుకారాం దుబాయి పోయి ఆరు నెలలు. ఇవాళ మాట్లాడతానని పొరుగింటి ఫోనుకు కబురు పెట్టాడు. అతడు పోయాక పుట్టిన బిడ్డను తొట్టెలలో వేశారు గాని, పేరు ఆగిపోయింది. అది తండ్రి నోటే రావాలని రుక్మాబాయి పట్టు.

"బిడ్డకు పేరు చెప్పు," అందామె.

"నువ్వే పెట్టు రుక్మా. రెండేండ్ల దాకా ఈడికెల్లి పోనియ్యరు. ఎండ బగ్గుంది."

రుక్మాబాయి చేటలో ఇసుక కాదు, నల్లరేగడి రాలింది. తడిగా ఉంది. అందులో చెరుకాకు ముక్క. ముత్తవ్వ తన చేటను కొంచెం పక్కకు జరుపుకుంది. రుక్మాబాయి తంబాకును పరీక్షించే వేళ్ళతోనే ఆ మట్టిని నలిపి, వాసన చూసింది.

"ఏజెంటు నిన్ను ఎందాక తోల్కపోయిండు?"

మన్ను రాలుతూనే ఉంది.

"బొంబాయి దాక," అన్నాడు చివరికి. "ఆడ్నే ఇడిసిపెట్టిండు. బోధన్‌ల చెరుకు కొడుతున్న. ఏ మొఖం పెట్టుకొని ఇంటికి రావాలె?"

"నువ్వు రాకు. గాడ్నే ఉండు. పన్నెండు గంటల బోధన్ బస్సుకు బిడ్డను ఎత్తుకొని వస్తున్న. పేరు దాని చెవులనే చెప్పు."

ఆమె లేచింది.

"బస్టాండు ఎదురుంగ దుకాణం అక్కా," అన్నాడు జహూర్. బోధన్‌లోని ఆ దుకాణంలో ఇదే సాఫ్ట్‌వేర్ పెట్టిందీ అతడే.

ఆమె వెళ్ళాక, ఇసుకను ఆపడానికి రాసిన నలభై వరుసలను తెర మీద ఒకసారి చదివి, చెరిపేశాడు.

"రేపు బందైతదా మరి?" అంది ముత్తవ్వ.

"కాదు అవ్వా. చేట మీద గుడ్డ కప్పుకో."