తోక తెగిన గుర్తు

పన్నెండుకు పావుగంట తక్కువగా ఉన్నప్పుడు టైపమ్మాయి ఆ అక్షరాన్ని చూసింది.

ఆసుపత్రి ఆఫీసు గదిలో పాత మందుల కార్డును చెత్తబుట్టలో వేయబోతూ, అలవాటు కొద్దీ దాన్ని కొత్త కార్డు పక్కన పెట్టింది. పాత కార్డులో పసిపిల్లల గుండెమందు దగ్గర, నలభై అంకె పక్కన, ఎడమవైపు చిన్న తోకతో µ ఉంది. మ్యూ అంటారు దాన్ని, మైక్రోగ్రాములని చెప్పే గుర్తు. కొత్త కార్డులో తోక లేదు. ఆ చోట ఎం కూర్చుని ఉంది. అంటే మిల్లీగ్రాములు. అంటే వెయ్యింతలు.

ఆమె కొత్త కార్డును వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది.

మ్యూ ఆమెకు కొత్తది కాదు. పాత కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు విడిగా ఉండేవి. ఎడమచేత్తో ఆల్ట్ మీటను అదిమిపట్టి, కుడిచేత్తో సున్నా, ఒకటి, ఎనిమిది, ఒకటి నొక్కితే మ్యూ వచ్చి బుద్ధిగా కూర్చునేది. డిగ్రీ గుర్తుకు ఒక వరస, ప్లస్-మైనస్‌కు ఇంకో వరస. అవన్నీ ఆమె తలకంటే ఆమె వేళ్లకే బాగా వచ్చు. పోయిన నెల ఆ కీబోర్డు పాడై, అంకెల మీటలు లేని పొట్టిది వచ్చింది. వేరేది కావాలని అడగడానికి నోరు పెగల్లేదు. తానే ఒక ఉపాయం పన్నింది. మామూలు ఎం కొట్టి, ఆ ఒక్క అక్షరానికి గుర్తుల ఫాంటు తొడిగితే అచ్చం మ్యూలాగే కనబడేది. వేషం మ్యూది, లోపలున్నది ఎం.

నిన్న పెద్దగుమాస్తా వచ్చి, "అక్షరాలు చీమల్లా ఉన్నాయమ్మా. అంతా ఒకే ఫాంటులో పెట్టి, కాస్త పెద్దవి చెయ్యి," అన్నాడు. ఆమె కార్డు మొత్తాన్నీ ఒక్కసారే ఎంచుకుని ఫాంటు మార్చింది. ఆ మార్పులో ఎం తన వేషం విప్పేసింది. ఆమె చూసుకోలేదు. ఆరు కార్డులు అచ్చు తీసి, ప్లాస్టిక్ తొడిగి, ఈ ఉదయం ఆరు వార్డులకూ పంపింది. పసివాళ్లుండేది పై అంతస్తులోని ఒక్క వార్డులోనే. అక్కడ మందులిచ్చేది ఆమె మేనత్త.

అత్త నమ్మేది రెండింటినే అని ఇంట్లో వేళాకోళం చేసేవారు: తన కళ్లద్దాలను, మేనకోడలి టైపును.

పన్నెండింటికి మందు వేళ.

వార్డుకు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. మూడోసారి అదే కూత చెవిలో పడగానే రిసీవరును బల్ల మీదే వదిలేసి, పాత కార్డు పట్టుకుని పరుగెత్తింది.

మెట్ల దగ్గర పెద్దగుమాస్తా ఎదురుపడ్డాడు.

"ఏమ్మా, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా?"

"కార్డు తప్పండి."

"ఏ కార్డు?"

"కొత్తది. తప్పు నాదే. కింది వార్డుల్లో అయిదున్నాయి, మీరు వెళ్లి పీకేయండి."

"నేనా?"

"మీరేనండి. ముందు దారి ఇవ్వండి."

ఆమె నోట అన్ని మాటలు ఒక్కసారిగా అతను ఎన్నడూ వినలేదు. ఆ విస్తుపాటులోనే పక్కకు జరిగి, చేతిలోని ఫైలును కిటికీ గట్టున పెట్టి, కిందికి పరుగుతీశాడు.

ఇరవై రెండు మెట్లు. మలుపు. మళ్లీ ఇరవై రెండు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది.

వార్డు తలుపు తోసేసరికి అత్త గోడవైపు తిరిగి ఉంది. ట్రేలో, మెడ విరిచిన చిన్న గాజుగొట్టం. పక్కనే ఖాళీ సిరంజి.

"అత్తా, ఆగు."

"ఏమే, చెప్పులతోనే వచ్చేశావా? బయట విడిచి రా."

"పాపకు మందు ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

గోడ గడియారం ఆమె చెవుల్లో మోగింది.

"ఎంత?"

"ఎంతేమిటే, రోజూ ఇచ్చేదే." అత్త ఇటు తిరిగి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టింది. "నీ కార్డు మాట వినాలంటే ఇలాంటి గొట్టాలు నూట అరవై విరగ్గొట్టాలి. నా అలమరాలో పది ఉన్నాయి. మిగతావి నువ్వు తెచ్చావేమోనని చూస్తున్నా."

టైపమ్మాయి గోడకు ఆనుకుంది.

"కార్డు పీకేసి, డాక్టరుగారిని అడిగి మరీ ఇచ్చా. నీకు చెబుదామని ఫోన్ చేస్తుంటే నీది ఎంగేజ్."

"నేను నీకే చేస్తున్నానత్తా."

"బాగుంది సంబడం." అత్త నవ్వలేదు. "ఇవాళ నేనున్నాను. రేపు ఆ కొత్త పిల్లది డ్యూటీ. మందు చిన్న గొట్టంలో కాక పెద్ద సీసాలో వచ్చిందనుకో. అప్పుడెవరు లెక్కపెడతారు?"

పొట్టి కీబోర్డు, ఎంకు తొడిగిన వేషం, నిన్నటి ఫాంటు మార్పు, అన్నీ ఆమె అత్తకు చెప్పేసింది. మంచంలో పాప నిద్రపోతోంది. అరచేయంత పొట్ట లేచి, దిగి, లేస్తోంది. టైపమ్మాయి ఆ పొట్ట మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

అత్త సొరుగులోంచి నల్ల అట్ట పుస్తకం తీసి ముందు పెట్టింది. వార్డులో జరిగిన పొరపాట్లన్నీ రాసే పుస్తకం. ప్రతి సోమవారం సూపరింటెండెంటుగారు చదువుతారు.

"రాయి. ఫాంటు మార్చిన సంగతే కాదు, ఆ వేషం సంగతి కూడా."

"ఉద్యోగం పోతుందేమో అత్తా."

"పోవచ్చు."

ఆ మాటలో కటువు లేదు, ఊరడింపూ లేదు. బయట పెద్దగుమాస్తా అడుగుల చప్పుడు వినిపించింది. రొప్పుతూ వచ్చి నాలుగు కార్డులు బల్ల మీద పెట్టాడు.

"అయిదోది?" అంది ఆమె.

"తాళం వేసిన గదిలో ఉందట. తాళంచెవికి మనిషి వెళ్లాడు."

ఆమె కలం తీసింది. రెండు వాక్యాలు రాసి, ఆ గుర్తు దగ్గర ఆగింది. చేత్తో గీస్తే తోక దానంతటదే వచ్చింది. దాన్ని కొట్టేసి, పక్కన మైక్రోగ్రాము అని పూర్తిగా రాసింది. మళ్లీ ఒక్కొక్క అక్షరమే చూసుకుంది. తర్వాత తలెత్తి, అయిదో కార్డు కోసం తలుపువైపు చూస్తూ కూర్చుంది.