తాళాలవాడి ఇంటి తాళం

డూప్లికేట్ తాళంచెవులు చేయడం నా వృత్తి. "ఎలాంటి తాళమైనా తీయబడును" అని కొట్టు ముందు బోర్డు కూడా రాయించుకున్నాను. అలాంటి మహానుభావుణ్ణి మా ఇంటి తాళంచెవి మాత్రం తరచూ పారేసుకుంటాను. ఆ తర్వాత గుమ్మం ముందు గొంతుక్కూర్చుని తీగముక్కతో తలుపు తెరుస్తాను. కింది వాటాలో కొత్తగా దిగినవాళ్ళు నన్ను చూసి దొంగ, దొంగ అని కేకలు పెట్టాక, నర్సుగా పనిచేసే మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

"తాళంచెవి అక్కర్లేని స్మార్ట్ లాక్ కొనండి. డ్యూటీ దిగొచ్చి మీకోసం మెట్ల మీద కూర్చోవడం ఇక నావల్ల కాదు."

తాళంచెవులు చేసేవాడి ఇంటికే తాళంచెవి లేదని బజారులో తెలిస్తే నా కొట్టుకు ఎవరొస్తారు? అందులోనూ ఎదురుకొట్టు అతనిదీ ఇదే పని. అన్నా అన్నా అంటూనే నా బేరాలు తన్నుకుపోతాడు.

అయినా కొనక తప్పలేదు. ఎంపికలో నా పాండిత్యమంతా ఒలకబోశాను. వేలిముద్ర రకం వద్దన్నాను. ఆకురాయి పట్టీ పట్టీ నా వేళ్ళు అరిగిపోయాయి, షాపులో ఆ మిషను నన్ను మనిషి కిందే లెక్కేయలేదు. ఫోనుతో తెరుచుకునేదీ వద్దన్నాను. తాళంచెవులు పారేసుకునేవాడికి ఫోను ఒక లెక్కా! అవసరానికి తాళంచెవి కూడా పట్టే రకం చూపిస్తే చిన్నగా నవ్వాను.

"కన్నం ఉందంటే నేను తీస్తాను. నేను తీయగలిగితే ఎదురుకొట్టు వాడూ తీస్తాడు" అన్నాను.

చివరికి అంకెలు నొక్కితే తెరుచుకునేది, కన్నమన్నదే లేనిది కొన్నాం. బిగించాక దాన్ని చూస్తుంటే నా పరువు తలుపుకు వేలాడుతున్నట్టే అనిపించింది. దాని మీద ఇనపరేకు మూత పెట్టి, పక్కన తలుపుకు గొళ్ళెం కొట్టి, నేనమ్మే వాటిలోకెల్లా పెద్ద తాళంకప్ప తగిలించాను. నొక్కను, ఊరికే వేలాడుతుంది. దూరం నుంచి చూస్తే వేసినట్టే ఉంటుంది. "దీన్ని నేను కూడా తీయలేను" అని చెప్పి జనానికి అంటగట్టే రకం అది.

తెరిచి ఉన్న కప్ప కనిపిస్తే నొక్కి చూడటం మా పనిలో చేతికి పట్టిన అలవాటు. ఒకరోజు బయల్దేరుతూ టక్కున నొక్కేసి కొట్టుకు వెళ్ళిపోయాను. దాని తాళంచెవి లోపల మేకుకు ఉంది.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోను చేసింది. "రేకు ఎత్తి అంకెలు కొడితే మిషను దయచేయమంటోంది. మీ కప్పే దయచేయనివ్వట్లేదు."

పనిముట్లతో పరిగెత్తాను. చెమటలు కక్కాను. అన్ని వాటాల వాళ్ళూ చేరి తలో సలహా పారేశారు. కప్ప కదల్లేదు. జనానికి చెప్పిన మాట జీవితంలో మొదటిసారి నిజమైంది. మా ఆవిడ నా వంక చూసి ఎదురుకొట్టుకు ఫోను చేసింది.

అతను కటింగ్ మిషనుతో వచ్చి కప్పను కోసేశాడు. రేకు ఎత్తాడు. లోపల అంకెలు నీలంగా వెలుగుతున్నాయి. నేను అతని చేతులు పట్టేసుకున్నాను.

"తమ్ముడూ, బజారులో అనకు. ఇది వచ్చిన దగ్గర్నుంచి నాకు ఒకటే భయం. నా ఇంటికే నా పని అక్కర్లేకపోతే ఇంకెవరికి కావాలి?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మా ఇంటికీ ఇదే పెట్టించానన్నా. పైన ఇలాంటి కప్పే వేలాడుతోంది."

మా ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇంతకీ ఈ కప్పలు ఎవరికి భయపడి పెట్టారు, దొంగలకా?"

"దొంగలకెందుకు? ఇతనికి" అన్నాను.

అతను మిషను సర్దుకుంటూ తల దించుకున్నాడు.

"నేనూ నీకే అన్నా."