ఎదురు పాటదారు

సత్తిబాబుకి ముక్కు మీద కోపం. ఆ కోపం ఏం సంపాదించి పెట్టిందయ్యా అంటే, కాజీపల్లిలో ఓ రేకుల షెడ్డు, షెడ్డు వెనక ఓ గది, గదిలో ఒకటే కంచం. యాభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళీ పెటాకులూ లేని ఒంటికాయ శొంఠికొమ్ము.

తన మనిషన్నవాడు ఒకడుండేవాడు, ఓదెలు. సత్తిబాబుది కాకినాడ వైపు, ఓదెలుది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. పటాన్‌చెరు వాల్వుల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశారు. ఇద్దరూ కలిసే బయటికొచ్చి, పాత ప్రెస్సు మిషను ఒకటి కొని, మందుల కంపెనీల పైపులు అతుకుల దగ్గర కారకుండా వేసే గ్యాస్కెట్లు కొట్టడం మొదలుపెట్టారు. బాగానే నడిచింది. రెండువేల నాలుగులో, ఓదెలు తనతో ఒక్క మాటైనా అనకుండా రేటు తగ్గించి ఆర్డరు ఒప్పుకున్నాడని సత్తిబాబు నోరు పారేసుకున్నాడు. ఓదెలు వెళ్ళి అవతలి రోడ్డులో సొంత షెడ్డు వేసుకున్నాడు. ఆ రోజే సత్తిబాబు పనివాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు, "వాడి పేరెత్తినవాడు మళ్ళీ నా గడప తొక్కడానికి వీల్లేదు" అని. నోటి దురుసు తెలిసినవాళ్ళు కదా, ఎవరూ ఎత్తలేదు.

రెండువేల ఏడులో పటాన్‌చెరులో నెట్ సెంటరు నడిపే హైమావతి అతనికి ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టింది. ఓదెలు ప్రకటన పెట్టిందీ ఆవిడే; ఆ పేరెత్తొద్దని ఆవిడకీ మొదటే చెప్పాడు సత్తిబాబు. ఆ పని తెలిసింది చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే మరి.

"వినాయకుని లడ్డు వేలం పాట ఉంటది గద సార్, గట్లనే," అని చెప్పింది హైమావతి. "గ్యాస్కెట్ల కోసం ఎవలన్న వెతికితే, ఎక్కువ పాడినోళ్ళది పైన కనవడ్తది. ఎవలన్న దాని మీద నొక్కితేనే మీకు పైసలు పడ్తయ్. జెర ఫరక్ ఏందంటే, మీరు పాడినంతా కోసుకోరు. మీ కిందోడు పాడినదానికి కొంచెం పైన, అంతే."

కిందివాడు ఓదెలే. వీళ్ళిద్దరూ తప్ప ఆ పాటలో మూడోవాడు లేడు. సత్తిబాబు ఐదంటే ఓదెలు ఎనిమిదన్నాడు, ఇతను పదిహేనన్నాడు. ఏడాది తిరిగేసరికి ఒక్క నొక్కుకి ముప్ఫై రూపాయలు పడుతోంది. బుద్ధున్నవాళ్ళయితే ఒకరికొకరు ఫోన్ చేసుకుని చెరి ఐదు రూపాయల దగ్గర ఆగేవాళ్ళు. బుద్ధుంటే అసలు విడిపోయేవాళ్ళే కాదు లెండి.

ఇంకోటి కూడా ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికీ పదింటికీ మధ్య ఒక నొక్కు తప్పకుండా పడేది. ఆ నొక్కు వల్ల ఆర్డరు రాదు, ఫోనూ రాదు. అది ఓదెలు పనేనని సత్తిబాబుకి తెలిసిపోయింది. "నా డబ్బు తగలెయ్యడానికే పుట్టాడు వెధవ," అని తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే రోజూ కంప్యూటరు ముందు కూర్చుని, దాని కోసం చూసేవాడు. ఆ ముప్ఫై రూపాయలూ పోతేగాని టీ గొంతు దిగేది కాదు.

రెండువేల ఎనిమిది ఆగస్టులో ఒకరోజు ఆ నొక్కు పడలేదు. మర్నాడూ పడలేదు. ఊరికెళ్ళి ఉంటాడనుకున్నాడు. పన్నెండో రోజు చూస్తే మిగతా నొక్కులకు మూడేసి రూపాయలే కోశారు. ఓదెలు పాట మానేసి ఓడిపోయాడన్నమాట! సత్తిబాబు మీసం దువ్వుకుని హైమావతి దగ్గరికి బయల్దేరాడు. దారి సగమైనా కాకముందే ఆ సంతోషం జారిపోయింది.

"ధర పడిపోయిందేంటమ్మా?" అన్నాడు.

హైమావతి తలెత్తలేదు. "పేరు ఎత్తొద్దన్నరు గద సార్."

సత్తిబాబు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎత్తు," అన్నాడు.

"ఓదెలు కాక పోయిండు సార్. పన్నెండు రోజులైంది. గుండెపోటు. ఊర్లనే అంత్యక్రియలు చేసిన్రు. నిన్న దినాలైనంక ఆయన యాడ్ నేనే బంద్ చేసిన."

సత్తిబాబుకి అలవాటైన తిట్టే నోటికొచ్చింది. "రోజూ పొద్దున్నే నొక్కేవాడు, నా డబ్బు తగలెయ్యాలని."

"డబ్బుల కోసం కాదు సార్. నొక్కితే మీ పేజీల పాత ప్రెస్సు ఫోటో వస్తది గద. పొద్దుగాల్ల ఈడ కూసోని, చాయ్ తాక్కుంట అదే సూస్తుండె. ఒకపారి నేనే అన్న, కాకా, సారుకు ముప్పై రూపాయలు పడ్తయ్ అని. 'పడనియ్యి బిడ్డా, నేను బతికున్ననని ఆనికి తెల్వాలె గద' అన్నడు."

సత్తిబాబు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా తడి ఆరలేదు.

"నా పాట వంద చెయ్యమ్మా."

"ఎంత పెట్టినా మూడే పడ్తది సార్. కింద ఎవ్వలు లేరు."

"చెయ్యి."

ఆవిడ వంద కొట్టింది. అతను షెడ్డుకి తిరిగొచ్చి ప్రెస్సు ఆపించాడు. "ఓదెలు పోయాడు," అన్నాడు. నాలుగేళ్ళలో ఆ పేరు ఆ రేకుల కింద వినపడ్డం అదే మొదలు. పనివాళ్ళు తలలు దించుకున్నారు. ఒక్కరూ ఎప్పుడని అడగలేదు. పన్నెండు రోజుల కిందటే అందరికీ తెలుసు.