చెల్లెలి డబ్బా

తన ఇంటి కారం డబ్బాలో రంగు కలిసి ఉండాలని కోరుకున్న మనిషి లోకంలో ఒక్కరుంటే అది కరీమున్ అయ్యుంటుంది. ఒంగోలులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే మనిషి, బుద్ధీ జ్ఞానం ఉన్న మనిషి, 2005 వేసవి మొత్తం ఆ ఒక్క కోరికతోనే గడిపింది.

ఆ డబ్బా ఇచ్చింది ఆమె అన్న జాన్ బాషా. అతనికి దర్శిలో కారం మిల్లు ఉంది. తండ్రి అలీ సాహెబ్ పోయేనాటికి అతనికి మీసాలు సరిగ్గా రాలేదు, చెల్లెలు మూడో క్లాసు. ఆ మిల్లు ఘాటులో దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ చెల్లెల్ని ఎమ్మెస్సీ దాకా చదివించాడు. పెళ్లి వద్దని ఆమె మొండికేస్తే నలుగురూ నానా మాటలూ అన్నారు. "నా చెల్లెలు, దాని ఇష్టం" అని అందరి నోళ్లూ మూయించాడు. ఏటా కొత్త కాయ రాగానే మిల్లులో మొదటి వాయి చెల్లెలికే. వేడి చల్లారాక డబ్బాకెత్తి, బస్సెక్కి తనే తెచ్చి ఇచ్చేవాడు. ఆ ఫిబ్రవరిలోనూ తెచ్చాడు.

"వెంకటనారాయణ గారి కాయమ్మా. కాయంటే అదీ! ఆయన పంటే మర పట్టించి ప్యాకెట్లు కడుతున్నా. నీకు మొదటి వాయి తీశా" అన్నాడు మురిసిపోతూ.

రెండు నెలలు తిరక్కుండానే ఆ ప్యాకెట్లు అతని పరువు తీశాయి. సరుకు కొన్న మద్రాసు వ్యాపారి పరీక్ష చేయిస్తే అందులో సుడాన్ రంగు తేలింది. మైనానికీ బూటు పాలిషుకీ వేసే రంగు అది, నోట్లోకి పోకూడనిది. సరుకంతా వెనక్కొచ్చింది. జాన్ బాషా మాత్రం పాపం తనది కాదు, రైతుది అన్నాడు. వెంకటనారాయణ తెల్లబారిన తాలు కాయకి రంగు పట్టించి, మంచి కాయలో కలిపి తనకి అంటగట్టాడన్నాడు. ఆ మాట దర్శి నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా పాకింది. వెంకటనారాయణ బస్తాలు దించుకునే కమీషను కొట్టు లేకుండా పోయింది.

ఆ పెద్దమనిషి ఒకరోజు కాలేజీకే వచ్చాడు. తుండుగుడ్డ చేతిలో నలుపుకుంటూ వరండాలో నిలబడ్డాడు.

"అమ్మా, తాలు కాయ ఏరి పారబోయించాను గానీ రంగెయ్యడం నేనెరగను. ఇంకా సగం పంట కల్లంలోనే ఉంది, ముట్టుకునేవాడు లేడు. మీ అన్నగారితో ఒక్క మాట చెప్పండమ్మా" అన్నాడు.

కరీమున్‌కి ఒళ్లు మండింది. "అంటే మా అన్న అబద్ధం ఆడుతున్నాడా అండీ?" అని, జవాబు కోసం ఆగకుండా క్లాసుకి వెళ్లిపోయింది.

క్లాసులో పాఠం సాగలేదు. బోర్డు మీద సగం సమీకరణం రాసి ఆగిపోయింది. ఆమె బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. ఇంట్లో ఉన్న డబ్బా కూడా ఆ రైతు కాయే. రంగు కాయలోనే ఉంటే డబ్బాలోనూ ఉండి తీరాలి. అది చూపించగలిగితే అన్న కూడా మోసపోయినవాడేనని తేలిపోతుంది.

ఆ సాయంత్రమే అన్నకి ఫోను చేసి, డబ్బా పరీక్ష చేస్తానని చెప్పింది. 

"ఎందుకమ్మా నీకీ తలనొప్పి? ఆ డబ్బా పారేసెయ్. కొత్తది పంపిస్తా" అన్నాడు.

చెల్లెలికి ఏమైపోతుందోనని భయపడుతున్నాడనుకుని ఆమెకి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అన్న మీద మచ్చ తీసెయ్యకపోతే తన చదువెందుకనిపించింది.

వాడుకుంటున్న కారం డబ్బా చంకన పెట్టుకుని పెద్ద ల్యాబులకి వెళ్తే గుమ్మంలోనే నవ్వి పంపిస్తారు. కాలేజీ ల్యాబులో చూద్దామంటే గాజు పట్టకాలూ లోలకాలే ఉన్నాయి. ఇక మిగిలింది తనే ఒక యంత్రం కట్టుకోవడం. ఏటా పిల్లలకి నల్లబల్ల మీద గీసి చూపించే రామన్ పద్ధతే. ఒక వస్తువు మీద ఒకే రంగు వెలుతురు వేస్తే, దాదాపు అంతా అదే రంగులో వెనక్కొస్తుంది. ఎక్కడో రవ్వంత మాత్రం కాస్త రంగు మారి వస్తుంది. ఆ మార్పు ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది, మనిషి నడకలాగా. ఆ రవ్వంతని పట్టుకుంటే అక్కడున్నదేదో తెలిసిపోతుంది. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, పట్టుకోవడానికి ఆమెకి వేసవి మొత్తం పట్టింది.

మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ సామానులో రెండు పాత స్పెక్ట్రోమీటర్లు ఒంగోల్లోనే హయాత్ అనే అతని తుక్కు కొట్లో పడున్నాయి. ఒకదాంట్లో అద్దాలు పగిలాయి, ఇంకోదాంట్లో వెలుతురుని రంగులుగా విడదీసే గీతల పలక పాడైంది. హయాత్ వాటిని ఇనుములా కాటా వేయబోతే, కదపొద్దని కరీమున్ పెట్టిన కేకకి వీధంతా తిరిగి చూసింది. రెండూ విప్పి, బాగున్నవి ఏరి ఒక్కటి చేసింది. ఆకుపచ్చ లేజరు మద్రాసు నుంచి తెప్పించింది. ఆ పచ్చ వెలుతురు లోపలికి రాకుండా ఆపడానికి నారింజ రంగు అద్దాలు కావాలి. ఊళ్లో ఫొటో స్టూడియో ఆయన దగ్గర నలుపు తెలుపు కాలం నాటివి రెండు దొరికాయి. రవ్వంత వెలుతురుని కూడా కరెంటుగా మార్చే గాజు గొట్టం స్పెక్ట్రోమీటరులోనే ఉంది. దానికి మీటరు తగిలించి, చేత్తో మర తిప్పుతూ, కనిపించిన అంకెని గ్రాఫు కాగితం మీద చుక్కగా పెట్టుకోవాలి. చుక్కలు ఎగిసిన చోటే ఆ పదార్థపు గీత.

ఇంట్లో స్టోరు రూము కిటికీకి దుప్పట్లు కట్టి తలుపేసుకుంది. మే నెల ఎండలు, ఫ్యాను వేస్తే బల్ల కదిలిపోతుంది. చెమటలు కక్కుతూ కూర్చునేది. చుక్కలు సగానికి రాగానే కరెంటు పోయేది, మళ్లీ మొదటి నుంచి. వారాలపాటు చీకటి తప్ప మరేదీ దొరకలేదు.

మొదట దొరికింది గంధకం. మిరప తోటలకి బూడిద తెగులు వస్తే చల్లే పసుపు పొడి, ఎరువుల కొట్లో చిటికెడు అడిగి తెచ్చింది. పుస్తకంలో చెప్పిన చోటే చుక్కలు ఎగిశాయి. కరీమున్ ఆ చీకట్లో ఒక్కతే చప్పట్లు కొట్టింది. కాలేజీ కెమిస్ట్రీ బీరువాలో సుడాన్ సీసా ఉంటే ఆ రంగునీ చూసింది. దాని గీతలు ఎక్కడెక్కడ లేస్తాయో గుర్తు పెట్టుకుంది. ఇక డబ్బా మూత తీసింది.

డబ్బాలో ఆ గీతలు లేవు.

యంత్రం చాల్లేదనుకుంది. నిజంగానే చాల్లేదు. లేజరు పడగానే కారం తనంతట తానే మెరిసి గీతల్ని ముంచేస్తోంది. పొడిని ఎసిటోనులో కలిపి, వడకట్టి, రేకు మీద చుక్క వేసి ఆరబెట్టింది. ఆ మెరుపు సద్దుమణిగేదాకా లేజరు కింద ఉంచి అప్పుడు చూసింది. మిరపకాయ సొంత ఎరుపుకి ఉండే గీతలు ముత్యాల్లా వచ్చాయి. రంగు గీతలు మాత్రం రాలేదు. అద్దాలు మళ్లీ తుడిచింది, వెలుతురు దూరే సందులు సన్నం చేసింది, లేజరు వేడెక్కకుండా ఇత్తడి దిమ్మ బిగించింది. యంత్రం బాగుపడేకొద్దీ ఆమెకి నిద్ర దూరమైంది. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క పైకి లేస్తే చాలని దేవుణ్ణి వేడుకుంది. ఏ చెల్లెలైనా తను తిన్న అన్నంలో విషం ఉండాలని దువా చేస్తుందా? కరీమున్ చేసింది.

చివరికి యంత్రం మీదే అనుమానం పెట్టుకుని బజారుకెళ్లింది. వెనక్కి పంపకుండా మిగిలిన అన్న మిల్లు ప్యాకెట్టు ఒక చిల్లర కొట్లో దొరికింది. అందులో రంగుందని అందరికీ తెలిసిందే. యంత్రానికి అది కనపడకపోతే తప్పు యంత్రానిదే. కనపడకూడదనే కోరుకుంటూ మర తిప్పింది. తన డబ్బాలో సుడాన్ గీత రాని చోటల్లా, ఈసారి చుక్కలు బారులు తీరి లేచాయి. తొలి చూపుకే లేచాయి.

కరీమున్ లేజరు ఆపేసి ఆ ఉక్కలో అలాగే కూర్చుండిపోయింది. రైతు కాయ శుభ్రంగానే ఉంది. మిల్లులో అడుగుపెట్టాకే రంగు చేరింది. చెల్లెలి వాయి పక్కకి తీశాక చేరింది.

మర్నాడు దర్శి బస్సెక్కింది. మిల్లు ఆగి ఉంది. జాన్ బాషా ఖాళీ గోనెల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె రెండు గ్రాఫు కాగితాలూ అతని ముందు పరిచింది.

"ఇది బజారు ప్యాకెట్టు. ఇది నా డబ్బా."

అతను మొదటి కాగితం చూడనేలేదు. "నీ దాంట్లో ఏమీ లేదుగా?" అన్నాడు. ఆ గొంతులో ధీమా విని ఆమె తన డబ్బా కాగితం ముందుకి జరిపింది.

"ఏమీ లేదన్నా. ఒకే కాయ అన్నావు. మరి నా దాంట్లో ఎందుకు లేదు?"

జాన్ బాషా కాగితాలు రెండూ మడిచి ఆమె చేతికిచ్చాడు.

"ఆర్డరు పెద్దది. అప్పటికి కోసిన ఆయన కాయ చాల్లేదు. తాలు కాయ చవగ్గా దొరికితే కలిపా. పాలిపోయింది. ఆ రంగు పొడి వేస్తే కళ వచ్చింది. అందరూ వేసేదేనమ్మా" అన్నాడు.

"నా డబ్బాలో ఎందుకు వెయ్యలేదు?"

అతను తలెత్తాడు. దెబ్బ తిన్నట్టు చూశాడు. "నీ డబ్బాలో నేనెట్లా వేస్తానే?"

ఆ వేసవి మొత్తం మీద అతను తడుముకోకుండా చెప్పిన నిజం అదొక్కటే. కరీమున్ ఏడ్చింది. అన్న మీద కోపమో, అన్న ప్రేమ మీద జాలో ఆమెకే తెలియలేదు.

"వెంకటనారాయణ గారి మీద వేసిన నింద నువ్వే తీసెయ్యన్నా. యార్డుకెళ్లి చెప్పు."

"చెబితే ఈ మిల్లు ఉండదు."

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

అతను తిట్టలేదు, బతిమాలలేదు. లేచి లోపలికెళ్లి, గుడ్డ కప్పి పెట్టిన గిన్నెలోంచి కొత్త డబ్బా నింపి తెచ్చాడు. "పాతది పరీక్షలకే అయిపోయుంటుంది. పట్టుకెళ్లు" అన్నాడు. ఆమె చెయ్యి చాపలేకపోయింది. డబ్బా గోనెల మీదే ఉండిపోయింది.

అతను వెళ్లలేదు, యార్డులో ఆమే చెప్పింది. గ్రాఫు కాగితాలు సంచిలోంచి తీయాల్సిన పనే పడలేదు. సొంత చెల్లెలొచ్చి చెబితే ఇంకేం కావాలి? ఆ గీతలతో అవసరం పడింది ఆమె ఒక్కదానికే. వెంకటనారాయణ బస్తాలు మళ్లీ కాటా ఎక్కాయి, అప్పటికి కాయ రంగు తగ్గి ధర పడిపోయింది. దర్శి మిల్లుకి తాళం పడింది. జాన్ బాషా ఆమె ఫోను తీయడం మానేశాడు. వదిన రసూల్‌బీ తీసి, "ఇంట్లో లేరమ్మా" అని పెట్టేసేది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది, డబ్బా రాలేదు. వెంకటనారాయణ మాత్రం చిన్న గోనె సంచి మోసుకుంటూ వచ్చాడు. "తొలి కోతమ్మా. ఇంట్లోకి ఉంచుకోండి" అని గుమ్మంలో పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

కాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, కరీమున్ వీధి చివరి మిల్లుకి పట్టుకెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక పరాయి మిల్లు గడప తొక్కడం అదే మొదలు. వరసలో నిలబడి తన వంతు రాగానే సంచి అందించింది.

"మెత్తగా పట్టమంటారా అండీ, బరకగానా?" అని మిల్లతను అడిగాడు.

జుట్టు నెరుస్తున్నా ఆ సంగతి కరీమున్‌కి తెలియదు. తను ఎలాంటి కారం తింటుందో జాన్ బాషాకే తెలుసు. వెనక వాళ్లు తొందరపెడుతున్నారు.

"మీ ఇష్టం. ఎలాగోలా పట్టండి" అంది.