తిరగేసిన పలక

అన్న నడుము విరగలేదు. అదే అతను చేసుకున్న పాపం. విరిగి ఉంటే నమ్మేవాళ్ళు.

దూలం ఎత్తుతుంటే నడుము కలుక్కుమని మూడేళ్ళయింది. దెబ్బ మానింది, నొప్పి మానలేదు. ఎక్స్‌రేలో ఎముకలన్నీ శుభ్రంగా ఉన్నాయి. తండ్రి ఇద్దరికీ కలిపి వదిలిన వడ్రంగి కొట్టు అది. అన్న మూల కూర్చున్నప్పటినుంచి తాళాలు తమ్ముడి మొలకెక్కాయి.

"దొరగారు లేచారా? ఇవాళైనా చిత్రిక పడతారా, మమ్మల్నే పట్టమంటారా?" అనేవాడు తమ్ముడు. పనివాళ్ళు నవ్వేవాళ్ళు. అన్న బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉలి నూరుకునేవాడు.

మొన్న ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ అతని తలకు స్కాన్ తీయించింది. ఏళ్ళ తరబడి నొప్పి పడ్డవాళ్ళ మెదడు మీద వాళ్ళు పరిశోధన చేస్తున్నారట. "నొప్పి ఇన్నేళ్ళు ఉంటే మెదడులో కొన్ని చోట్లు పలచబడతాయి. మీది అబద్ధం కాదు, పిచ్చీ కాదు. వైద్యంతో కొందరికి మళ్ళీ కుదుటపడింది కూడా" అంది.

అన్న ఆ సంబరంలో తమ్ముడితో నోరు జారాడు. "ఎముకలో కాదురా, మెదడే మారిందట."

మర్నాడు కొట్టుకు వెళ్తే అతని బల్ల బోడిగా ఉంది. ఉలులు, బాడిస పెట్టెలో పడ్డాయి. పెట్టెకు తాళం పడింది.

"మెదడు చెడినవాడికి ఉలి ఎలా ఇస్తాను? ఎవడి వేలో తెగితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు తమ్ముడు.

వెంట వచ్చిన వదిన భగ్గుమంది. "నిన్నటిదాకా నాటకమన్నావు. ఇవాళ పిచ్చి అంటున్నావు. మధ్యలో నొప్పి అనే మాట నీ నోటికి ఎక్కడా తగల్లేదా, మరిదీ?"

"నువ్వు ఊరుకో వదినా."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం!"

అన్న గోడవారన మేకుల డబ్బాలు మోసి మోసి కిందికి వంగిన అలమర పలక దగ్గరికి వెళ్ళాడు. డబ్బాలన్నీ ఒక్కొక్కటే తన బల్ల మీదికి దించాడు. ఒక్కోదానికీ పళ్ళు బిగించాడు. పలక ఖాళీ అయింది. వంపు మాత్రం అలాగే ఉంది.

"బరువు తీసేశాను. ఇంకా వంగే ఉందేం? నాటకమా? పిచ్చా?"

తమ్ముడు పలక వైపు చూశాడు.

"నువ్వూ వడ్రంగివేగా. పొయ్యిలో పెడతావా దీన్ని?"

"తిరగేసి బరువు పెట్టాలి. నిదానంగా వస్తుంది." గొణిగాడు తమ్ముడు.

"పలకకున్న పాటి విలువ అన్నకు లేదన్నమాట!" అంది వదిన.

తమ్ముడి మొహం మాడిపోయింది. మొలనుంచి తాళాలు లాగి విసిరాడు. అవి అన్న కాళ్ళ దగ్గర పడ్డాయి.

"తీసుకో."

వదిన వంగబోయింది. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను వంగలేను. అది నీకు తెలుసు, తెలిసే విసిరావు. నువ్వే తీసి ఇయ్యి."

రంపాలు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. అన్న చాచిన చెయ్యి దించలేదు.

చివరికి తమ్ముడే వంగాడు.