అరగని మూడో మీట

ఒక ఇంట్లో టీవీ నడుస్తూ ఉంటే దానిని చూస్తున్నది ఎవరు? ఇంత చిన్న ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత నాది కాబట్టి, చెప్పలేకపోయిన అవమానమూ నాదే.

నేను ఒక మీటర్‌ను. కరెంటు మీటర్‌ను కాను. టీవీ పక్కన కూర్చుని, ఏ నిమిషంలో ఏ కార్యక్రమం నడిచిందో, దాని ముందు ఎవరెవరు ఉన్నారో గుర్తుపెట్టుకుని రోజుకొకసారి పైనున్న రేటింగుల సంస్థకు పంపే మీటర్‌ను. అరచేయి వెడల్పు, నల్లని ప్లాస్టిక్ ఒళ్లు, నుదుట రెండు చిన్న దీపాలు. ఏ సీరియల్ పదేళ్లు సాగాలో, ఏది పది వారాలకే ఆగాలో తేల్చే రేటింగులు, వేల ఇళ్లకు ఒక ఇంట్లో పెట్టే నావంటి పెట్టెల కడుపున పుట్టినవే. కర్మాగారంలో నా ప్రతి అతుకునూ భూతద్దం పెట్టి పరీక్షించారు. గంటకు ఒక్క సెకను తేడా వచ్చినా పక్కన పారేసేవారు. నాలో రాగల తప్పుల గురించి అంతగా ఆలోచించిన ఆ ఇంజనీర్లు, నన్ను వాడబోయే మనుషుల గురించి అందులో నూరోవంతు ఆలోచించి ఉంటే నేనిలా నోరు విప్పవలసిన అవసరం ఉండేది కాదు.

నాతోపాటు ఒక చిన్న రిమోట్ వచ్చింది. దాని మీద వరుసగా నాలుగు మీటలు, వాటి మీద నాలుగు అంకెలు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. టీవీ ముందు కూర్చున్నవారు తమ మీట నొక్కాలి. లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఇంతకన్న సులువైన నియమం మానవజాతికి ఎవరూ ఇచ్చి ఉండరు.

నన్ను కాకినాడలో, జగన్నాథపురం వంతెనకు అవతల, ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో బిగించారు. ఇంటి పెద్ద సోమలింగం గారు; రైల్వే గార్డుగా పనిచేసి విరమించిన డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆయనకు ఒకటో మీట. రేవులో ఉద్యోగం చేసే కొడుకు కుక్కుటేశ్వరరావుకు రెండోది. కోడలు హైమవతికి మూడోది. నాలుగోదానికి మనిషి లేడు. నన్ను బిగించిన అప్పలకొండ అనే బుర్రమీసాల ఉద్యోగి, తీగలు చుట్టుకుంటూ రెండే మాటలు చెప్పాడు.

"ఎవరు సూత్తే ఆళ్లదే నొక్కాలమ్మా. ఈ పెట్టె ఉందని మాత్రం బయట ఎవరితోనూ అనకండి."

హైమవతి శ్రద్ధగా తల ఊపింది. రెండో మాటను అక్షరాలా పాటించింది. మొదటి మాటను ఆ సాయంత్రమే సవరించుకుంది. టీవీ పెట్టి, రిమోట్ తీసుకుని, బొటనవేలిని మూడు మీద ఉంచి, ఒక్క క్షణం ఆలోచించి, ఒకటి నొక్కింది.

"అదేంటి, నాన్నగారు ఇంట్లో లేరుగా?" అన్నాడు భర్త.

"పెద్దాయనుండగా నాది నొక్కితే ఏం బావుంటుందండీ? ఆయనది నొక్కితే ఇంటిల్లిపాదీ చూసినట్టేగా."

"అంతేలే," అన్నాడాయన. రెండేళ్లలో నా విషయమై ఆయన చేసిన విచారణ మొత్తం అదే.

ఆమెను పూర్తిగా తప్పుపట్టలేను. గ్యాసు పుస్తకం మామగారి పేరున ఉంది. పెళ్లి పిలుపులు మామగారి పేరున వస్తాయి. గడప లోపలి ప్రతి వస్తువూ ఒకే పేరున నడిచే ఇంట్లో, తన చూపు మాత్రం తన పేరున ఉండాలని ఆమెకు ఎవరు నేర్పారు?

నేర్పనిది ఇది ఒక్కటే కాబోలు. మిగిలిన అన్ని విషయాలలోనూ హైమవతి అభిప్రాయం కత్తిలా ఉండేది. కొత్త సీరియల్ మొదలైతే చాలు, అపార్టుమెంటులో అందరూ ముందు ఆమెనే అడిగేవారు. "మొదటి వారం చూడండి. పెళ్లికూతురు మెట్ల మీంచి జారిపడేదాకా ఫరవాలేదు. తరవాత జ్ఞాపకం పోతుంది, మానెయ్యండి," అనేది. నేను ఆ సీరియళ్లను నిమిషం వదలకుండా కొలిచినదాన్ని. ఆమె తీర్పు ఒక్కటీ తప్పలేదు.

ఆమె ప్రాణం పెట్టుకున్నది 'ఆరో నంబరు కౌంటరు' అనే హాస్య ధారావాహిక మీద. ఒక ప్రభుత్వ కార్యాలయం. ఒకే కౌంటరు వెనుక ముగ్గురు ఆడ గుమాస్తాలు. వారి ముందు వరుసలో నిలబడి ఓపిక నశించిన ఊరు. అందులో ఎవరూ మెట్ల మీంచి జారిపడరు. హైమవతి పెళ్లికి ముందూ తరవాతా కలిపి ఆరేళ్లు బస్సు రిజర్వేషన్ కౌంటరులో పనిచేసి, అత్తగారు మంచాన పడినప్పుడు మానేసింది. ఆ ముగ్గురి మాటల్లో తన పాత స్నేహితురాళ్లు వినిపిస్తారని ఒకసారి అంది. రోజంతటిలో ఆమె గొంతెత్తి నవ్వేది ఆ అరగంటే.

కింది వాటా వరహాలమ్మ గారిది వేరే పార్టీ. ఆవిడకు 'వెయ్యి కన్నీళ్ల వదిన' తప్ప మరొకటి ఆనదు.

"పిన్నిగారూ, మీ వదిన నిన్న కూడా ఏడిచిందా?"

"ఏడవక ఏం చేత్తాదే? ఇసం కలిపిన పాయసం చేతిలో పెట్టారు. తాగుద్దో లేదో సోమారం దాకా తెలీదు."

"పోయిన నెలా విషప్పాయసమేగా?"

"అది సేమ్యా. ఇది సగ్గుబియ్యం."

"ఒక్కసారి మా కౌంటరు చూడండి. పాయసం ఊసే ఉండదు."

"నవ్వుకోడానికి టీవీ ఎందుకే? మా ఆడపడుచు కొడుకు నడుత్తుంటే చూత్తే చాలదా?"

ఇక సోమలింగం గారు. కౌంటరు వచ్చే సాయంత్రం ఏడున్నరకు ఆయన వంతెన దగ్గరి రీడింగు రూములో కూర్చుని, తమ ఇంట సీరియళ్ల ప్రవేశం నిషిద్ధమని స్నేహితులకు చెబుతూ ఉండేవారు. అదే నిమిషంలో, డెబ్బై నాలుగేళ్ల పురుషుడొకరు ఆ హాస్యాన్ని ఆసాంతం చూస్తున్నారని నేను పైకి పంపేదాన్ని. పగలు పదకొండింటికి హైమవతి బజారుకు వెళ్లగానే ఆయన గొంతు తగ్గించి, 'వదిన' పునఃప్రసారం పెట్టుకునేవారు. మీట నొక్కేవారు కారు. ఎవరూ లేని గదిలో టీవీ అరగంట నడిచిందని పంపేదాన్ని. ఆయన కండువాతో కళ్లు తుడుచుకోవడాన్ని పంపడానికి నాకు మీట లేదు.

రెండేళ్లు ఇలా గడిచాయి. కౌంటరును ముందు ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండింటికి మార్చారు. ఆ వేళ సోమలింగం గారు పక్కగదిలో నిద్రపోతూ ఉంటే, హైమవతి ఆయన మీట నొక్కుకుని చూసేది. తరవాత ఒకనాడు తెర అడుగున 'త్వరలో ముగింపు' అనే అక్షరాలు పాకాయి. కథ సగంలో ఉంది. ఆమె లేచి తెర దగ్గరకు వెళ్లి ఆ అక్షరాలను మళ్లీ చదివింది.

మరునాటి నుంచి గడపగడపకూ తిరిగింది. పన్నెండు ఇళ్లవారిని కౌంటరు చూసేందుకు ఒప్పించింది, చూశారు కూడా. కాని ఆ పన్నెండిళ్లలో ఎక్కడా నావంటి పెట్టె లేదు. ఆమె మాట విన్నవారు లెక్కలోకి రారు. లెక్కలోకి వచ్చే ఒకే ఒక్క ఇంట్లో, లెక్కకు అందే మాట ఆమెది కాదు. చానల్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. దానిని వరహాలమ్మ గారికి పైకి చదివి వినిపించింది.

"'మీ అభిమానానికి ధన్యవాదాలు. అయితే ఈ కార్యక్రమాన్ని స్త్రీలు దాదాపుగా చూడటం లేదని, చూస్తున్నవారిలో వయోవృద్ధులైన పురుషులే అధికమని కొలతలు తెలుపుతున్నందున, దీనిని ఈ నెలాఖరు శుక్రవారంతో...' విన్నారా పిన్నిగారూ? స్త్రీలు చూడరట! నేనేవిటి మరి? మీసాలున్నాయా నాకు?"

"ఆ కొలిచినోడికి కళ్లు లేవే," అంది వరహాలమ్మ గారు, నా పక్కనే నిలబడి.

నా లెక్కకు కళ్లు లేవన్నది వాస్తవం. వేళ్లను నమ్మమని నాకు నేర్పారు.

ఆఖరి వారానికి ముందు, రిమోట్‌లో బ్యాటరీలు మార్చడానికి అప్పలకొండ వచ్చాడు. దానిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటమ్మా, ఒకటి అంకె పూర్తిగా అరిగిపోయింది. మూడు ఇచ్చిన్నాడెలా ఉందో అలాగే ఉంది. తమరు టీవీ సూడరా?"

"రోజూ చూస్తానే."

"మరి మూడు?"

హైమవతి రిమోట్‌ను అతని చేతిలోంచి తీసుకుని చూసింది. "పెద్దాయనది నొక్కితే అందరం చూసినట్టు కాదా?"

"కాదమ్మా. పెద్దాయనొక్కరే సూసినట్టు. ఈ ఒక్క ఇల్లు ఎన్నో ఇళ్లకి లెక్క. మొదటిరోజే సెప్పాను గదా?"

"చెప్పారు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆ వయోవృద్ధులైన పురుషుల్లో నేనొకదాన్నన్నమాట."

పక్కగదిలోంచి సోమలింగం గారు వచ్చారు. "ఏవిటమ్మాయ్ గొడవ?"

"మావయ్యగారూ, రెండేళ్లుగా మీరు రోజూ ఆరో నంబరు కౌంటరు చూస్తున్నారు. పైవాళ్లకు అలాగే తెలుసు."

"నేనా? ఛ! సీరియళ్ల మొహం చూస్తానా నేను?"

"పోనీ, నేను బజారుకెళ్లాక పదకొండింటికి వచ్చే వదిన పాయసంలో విషం కలిపిందెవరు?"

"తోడికోడలు కదూ..." అని ఆగిపోయి, ఆయన కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

సోమవారం నుంచి హైమవతి మూడు నొక్కింది. ఐదు రోజులు. మొదటిసారి నొక్కినప్పుడు ఆ మీట బిరుసుగా ఉండి లోపలికి దిగలేదు. రెండు వేళ్లు పెట్టి నొక్కింది. నలభై ఆరేళ్ల స్త్రీ ఒకతె హాస్యం చూస్తున్నదని నేను పంపిన మొదటి నిజం అది. శుక్రవారం ఆఖరి భాగానికి సోమలింగం గారు నిద్ర మానుకుని వచ్చి పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆమె రిమోట్ అందించింది.

"మీది మీరు నొక్కండి, మావయ్యగారూ."

"ఎందుకమ్మా, నలుగురికీ తెలియడం?"

ఆయన మూడుసార్లు నవ్వారు. ఇద్దరు చూశారు, నాకు ఒక్కరే చేరారు. కథ సగంలో ఉండగానే కౌంటరు మూతపడింది.

పది రోజులకు అప్పలకొండ ఒక కాగితంతో వచ్చి నన్ను గోడనుంచి విప్పసాగాడు. రెండేళ్లుగా ఒక్క ఆడమనిషీ టీవీ చూడని ఇంట్లో, ఒక కార్యక్రమం ఆగిపోయే వారంలో హఠాత్తుగా ఒక స్త్రీ ప్రత్యక్షమైంది కాబట్టి, ఎవరో చెప్పి చేయించారని పైవారికి అనుమానం వచ్చిందట. ఈ ఇంటి లెక్క ఇక నమ్మదగినది కాదట.

"నిజం నొక్కితే తీసేస్తారా?"

"రూలమ్మా."

"మరి అన్నాళ్లు అబద్ధం నొక్కితే ఈ అనుమానం ఎందుకు రాలేదు?"

అప్పలకొండ తీగ చుట్టి సంచిలో పెట్టాడు. హైమవతి రిమోట్‌ను తానే తెచ్చి అతని సంచిలో వేసింది. అరగంట తరవాత రావలసిన కార్యక్రమం ఇక లేదు కాబట్టి, టీవీ ఆపివేసే ఉంది.

ఇప్పుడు నేను ఒక గిడ్డంగిలో, ఇనుప అల్మారా మూడో అరలో ఉన్నాను. నాతో మరో నలభై మూడు మీటర్లున్నాయి. వేరు వేరు ఊళ్లనుంచి, వేరు వేరు ఇళ్లనుంచి వచ్చినవి. వాటి రిమోట్లన్నీ కింద ఒక ప్లాస్టిక్ బుట్టలో పడివున్నాయి. వాటిలో ముప్పై తొమ్మిదింటి మీద ఒకటి అంకె చెరిగిపోయింది. అన్ని ఇళ్ల స్త్రీలూ ఏదో చూసే ఉంటారు, నవ్వే ఉంటారు, పక్కింటివారితో గంటలకొద్దీ వాదించే ఉంటారు. ఆ వాదనల్లో ఒక్క ముక్కయినా వినవలసినచోట వినిపించలేదు. ఆపైన, మంచి నాటకాలు రావడం లేదని అందరూ నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు వినే ఓపిక నాకిక లేదు.

మీరు ఇంతసేపు నా మాట విన్నారు. ఇప్పుడు చెప్పవలసినది మీరు. నిన్న మీరు చూసినవాటిలో మీకు నచ్చింది ఏది, నచ్చనిది ఏది? 'మా ఇంట్లో అందరూ' అనకండి, 'మావారికి' అనకండి, పక్కకు తిరిగి ఎవరి ముఖమూ చూడకండి. 'నాకు' అని మొదలుపెట్టి, వినబడేటట్టు చెప్పండి.