గ్రైండరు మోగిన మధ్యాహ్నాలు

జీపు పెరట్లో లేని రోజు కూడా ఆ ఇంట్లో రేకులు అరగదీసే గ్రైండరు ఎందుకు మోగింది?

ఎర్రగుంట్ల స్టేషను వెనక వీధిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంజను పని కోసం జీపును కడపకు తీసుకుపోయిన సంగతి అందరికీ తెలుసు. తాళ్లు బిగించి దాన్ని లారీకెక్కిస్తుంటే వీధి వీధంతా నిలబడి చూసింది. ఆ మధ్యాహ్నమే గ్రైండరు మోగింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మోగించింది రాజ్యలక్ష్మమ్మ.

ఆమె భర్త గోవిందయ్య ఇనుప సామాన్ల అంగడి నడిపిన మనిషి. ఆయన పోయాక అంగడీ, ఏనాడో వేలంలో కొని రేకుల షెడ్డు కింద వదిలేసిన మిలిటరీ జీపూ కొడుకు తేజేశ్వర్ చేతికి వచ్చాయి. అంగడిని గుమాస్తాకు అప్పగించి తేజేశ్వర్ జీపును పట్టుకున్నాడు. సిమెంటు దుమ్మూ వాన నీళ్లూ కలిసి దాని అడుగు రేకులను జల్లెడ చేసి పెట్టాయి. తుప్పు పట్టినంత మేరా కోసెయ్యాలి. కొత్త రేకు అతికించి, వెల్డింగు గీతను అరగదీసి, పైన పుట్టీ పూసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. ఇదంతా ఇంట్లోనే, తన చేతులతోనే చేస్తానని పంతం పట్టాడు. చూడవచ్చినవాళ్లందరూ ఆ చేతుల ఓర్పును మెచ్చుకునేవారు. రేకు మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, సొట్ట ఎక్కడుందో చెప్పేవాడు.

అవే చేతులు అతని భార్య శ్రీవాసవిని కొట్టేవి.

మొదటిసారి గ్రైండరు మోగడం యాదృచ్ఛికమే. దాన్ని పెరట్లోని బల్లకున్న ఇనుప పట్టులో, అంటే వైసులో, బిగించి, మీట నొక్కిన స్థితిలోనే వదిలేసి, తేజేశ్వర్ కోపంగా లోపలికి వెళ్లాడు. చెంపదెబ్బ వినిపించింది. పక్కింటి పిట్టగోడ మీదుగా ఎవరిదో తల లేచినట్టు రాజ్యలక్ష్మమ్మకు అనిపించింది. వసారా గోడకున్న స్విచ్చి మీద ఆమె చేయి పడింది. ఇనుము అరిచింది. పిట్టగోడ మీది తల దిగిపోయింది. ఇంటి పరువు దక్కిందని ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత అది ఆమెకు దీపం పెట్టినంత అలవాటైన పని అయింది. కొడుకు పళ్లు బిగిస్తే ఆమె లేచి స్విచ్చి దగ్గర నిలబడేది.

జీపు కడప నుంచి తిరిగి వచ్చాక, ఒక శుక్రవారం ప్రొద్దుటూరు నుంచి తేజేశ్వర్ స్నేహితుడు హర్షవర్ధన్ వచ్చాడు. అతనికీ పాత జీపుల పిచ్చి. బండి చుట్టూ తిరిగి, బానెట్ తట్టి, ఈల వేశాడు.

"ఏమప్పా తేజా, పెళ్లికొడుకును చేసినట్ల చేసినావే!"

"మళ్ల ఏమనుకుంటివి? భూతద్దం పెట్టి ఎతుకు. ఈకంత తుప్పు కనపడితే నా పేరు మార్చుకుంటా."

కాఫీ గ్లాసులు తెచ్చిన శ్రీవాసవి ఆగింది. ఆ బండి పనిలో ఆమెకూ భాగముంది. సొట్ట తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు బయటి నుంచి సుత్తితో కొడతారు. ఇంకొకరు లోపలి వైపున, అదే చోట, ఇనుప దిమ్మెను ఆనించి పట్టుకుంటారు. దిమ్మె పట్టేది శ్రీవాసవే. అందుకే ఆమెకు రేకుల లోపలి వైపు తెలుసు.

"డోరు కింద అంచు కొయ్యకనే పుట్టీ పెట్టినారు కదండీ" అంది ఆమె మామూలుగా. "ఆడ తుప్పు అట్లే ఉండాది. వానకాలానికి పొంగుతాది."

హర్షవర్ధన్ పగలబడి నవ్వాడు. "ఇంట్లోనే ఇనస్పెక్టరమ్మను పెట్టుకున్యావు గదప్పా! పేరు మార్చుకో ఇంక!"

తేజేశ్వర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు విని రాజ్యలక్ష్మమ్మ మంచం మీంచి లేచింది. అతిథి ఇంకా కాఫీ తాగుతుండగానే ఆమె స్విచ్చి పక్కకు చేరింది.

హర్షవర్ధన్ బండి వీధి మలుపు తిరిగింది. తేజేశ్వర్ వీధి తలుపు గడియ పెట్టి, సుత్తి తీసుకున్నాడు.

"దా వాసవీ. దిమ్మె పట్టుకో."

ఆమె డోరు వెనక కూర్చుంది.

"తుప్పు యాడుండాది?"

"ఏదో నోరు జారి అంటి. ఇంక ఇడ్చిపెట్టండి."

"యాడుండాదో చూపీమంటాండా. ఏలు పెట్టి చూపీ."

ఆమె దిమ్మె కింద పెట్టి, అంచు మీద వేళ్లు ఉంచింది. సుత్తి వేళ్ల మీద పడింది.

రాజ్యలక్ష్మమ్మ స్విచ్చి వేసింది. గ్రైండరు పెరడంతా కోసింది. ఆ మోతలో శ్రీవాసవి నోరు తెరుచుకోవడం మాత్రమే కనిపించింది. తేజేశ్వర్ ఆమె జడ చేతికి చుట్టుకుని, తలను డోరు రేకుకు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నున్నగా రుద్దిన పుట్టీ పెచ్చులుగా రాలింది.

అప్పుడు కరెంటు పోయింది.

గ్రైండరు చక్రం తిరిగి తిరిగి నిలిచింది. పెరట్లో మిగిలినవి రెండే చప్పుళ్లు. రేకు మీద తల తగిలే చప్పుడు, "అత్తా, అత్తా" అనే పిలుపు. రాజ్యలక్ష్మమ్మ స్విచ్చిని పైకీ కిందికీ ఆడించింది. ఆడిస్తూనే ఉంది.

పిట్టగోడ అవతల నాగలక్ష్మమ్మ తల కనిపించింది. వాళ్లకు నాపరాయి గనులున్నాయి, వీధిలో పెద్ద ఇల్లు వాళ్లదే. చేతిలో పిండిన చీర ఉంది. ముఖంలో దిగులు తప్ప ఆశ్చర్యం లేదు.

"కరెంటు పాయనా రాజక్కా? ఎప్పుడొస్తాదో ఏమో. మా మనవరాలు ఇంట్లోనే ఉండాది. చిన్నపిల్ల ఇదంతా ఇంటే జడుసుకోదా?"

రాజ్యలక్ష్మమ్మ పిట్టగోడ వైపు తిరిగింది. "నీకు తెల్సా?"

"ఎవురికి తెల్దక్కా? నువ్వు మిషను ఏస్తాంటివి, మేము గమ్మునుంటిమి. నీ మర్యాద మేము కాపాడలేదా?"

రాజ్యలక్ష్మమ్మ చేయి స్విచ్చి మీంచి జారింది. ఆ మోత ఏ చెవినీ మూయలేదు. విననట్టు బతకడానికి వీధి మొత్తానికీ వీలు కల్పించింది, అంతే. ఆ వీలును స్వయంగా తనే పంచిపెట్టింది.

ఆమె మెట్లు దిగి, బండల మీద పడి ఉన్న ఇనుప దిమ్మెను తీసుకుంది.

"ఇడ్చిపెట్రా దాన్ని."

"లోపలికి పోమ్మా నువ్వు" అన్నాడతను, తల తిప్పకుండానే. జడ వదల్లేదు.

ఆమె దిమ్మెను రెండు చేతులా ఎత్తి అతని మణికట్టు మీద దించింది. ఎముక పలికింది. జడ ఇంకా చేతికి చుట్టుకునే ఉంది. మళ్లీ అదే చోట కొట్టింది. ఈసారి వేళ్లు విచ్చుకున్నాయి.

తేజేశ్వర్ అరిచాడు. ఆ అరుపుకు వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. నాగలక్ష్మమ్మ భర్త ఓబుళేశు పిట్టగోడ దూకి వచ్చాడు. వెనక ఇంకా మగవాళ్లు, వీధి తలుపు గడియ విరగ్గొట్టుకుని.

"కన్నకొడుకును సంపుతావామ్మా? నువ్వు తల్లివేనా?" అన్నాడు ఓబుళేశు.

తేజేశ్వర్‌ను నలుగురూ పసిబిడ్డలా ఎత్తి కారులో పడుకోబెట్టారు. శ్రీవాసవి జీపు చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె చెవి నుంచి నెత్తురు మెడ దాకా కారుతోంది. అందరూ ఆమె కాళ్లను దాటుకుని వెళ్లారు. ఆమెను ఆటో దాకా నడిపించినవి దిమ్మె ఎత్తిన చేతులే.

పోలీసులు విచారణకు వచ్చినప్పుడు తల్లి కొట్టిన దెబ్బలను వీధి పూసగుచ్చినట్టు వర్ణించింది. కోడలి సంగతి అడిగితే ఓబుళేశు వినయంగా అన్నాడు: "గ్రైండరు మోతలో మాకేం ఇనపళ్లేదు సార్."

"కరెంటు ల్యాకుండా అదెట్ల మోగె, ఓబుళేశూ?" అంది రాజ్యలక్ష్మమ్మ.

తను స్విచ్చి వేసిన సంగతి మొదటి రోజు నుంచీ ఆమే చెప్పింది, వాంగ్మూలం కింద సంతకం పెట్టింది. కొడుకు చేయి విరగ్గొట్టిన ముద్దాయి మాట నిలవదని వకీలు తేల్చేశాడు. శ్రీవాసవికి రెండు వేళ్లు పోయాయి, ఒక చెవి వినిపించదు. తేజేశ్వర్ సిమెంటు కట్టుతో తిరిగి వచ్చి, ఇల్లు తనదంటున్నాడు. అత్త బెయిలు మీద ఇంటికి వచ్చింది; లోపల అత్తాకోడళ్లు గడియ వేసుకుని కూర్చున్నారు. తలుపు బయట అతను, అతని వెనక వీధి. విన్నానని చెప్పే ఒక్క గొంతు ఇంకా లేవలేదు.

మీ పక్కింటి గోడ అవతల కూడా ఏదో ఒక మోత ఉంటుంది. అది దేన్ని కప్పుతోందో మీకు తెలుసు. పుస్తకం మూయండి. వెళ్లి ఆ తలుపు తట్టండి. విన్నానని, మీ పేరుతో సహా, చెప్పండి.